రాళ్ళు పరిచే ముందు ఒకసారి తలెత్తి చూడండి

"తోటలో గులకరాళ్ళు వేయిద్దామనుకుంటున్నాం, ఏ రంగు బాగుంటుందండీ?" అని అడిగేవాళ్ళు చాలామందే ఉంటారు. రంగు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ చోట పైన ఏ చెట్టుందో చెప్పండి అంటాను నేను. రాళ్ళు పడేది నేల మీద కదా, చెట్టుతో పనేంటి అన్నట్టు చూస్తారు.

పనంతా చెట్టుతోనే. ఆకు మట్టి మీద రాలితే ఎరువవుతుంది, రాళ్ళ మీద రాలితే చెత్తవుతుంది. అరచేయంత ఆకులైతే ఎలాగోలా ఏరిపారేయొచ్చు. చింతాకులాంటి చిన్న చిన్న ఆకులు రాలే చెట్టయితే మాత్రం ఆ ఆకులన్నీ రాళ్ళ సందుల్లోకి జారిపోతాయి, చీపురుకి అందవు, గట్టిగా ఊడిస్తే ఆకుతో పాటు రాళ్ళూ వచ్చేస్తాయి. అవి అక్కడే కుళ్ళి, గాలికొచ్చిన దుమ్ముతో కలిసి, కొన్నాళ్ళకి రాళ్ళ మధ్య సన్నటి మట్టి పొర తయారవుతుంది. ఎక్కడినుంచో ఎగిరొచ్చిన గడ్డి గింజకి అది చాలు. కింద షీట్ వేశాం కాబట్టి కలుపు రాదని ధీమాగా ఉండేవాళ్ళకి ఈ సంగతే తెలియదు. షీటు ఆపేది కిందనుంచి వచ్చే కలుపుని. పైన పుట్టే కలుపుని అది ఏం చేస్తుంది?

అందుకే గుబురు చెట్టు కింద గులకరాళ్ళు వద్దంటాను. గోడ వారగా ఉన్న సన్నటి పట్టీ, మెట్ల పక్కన ఏమీ మొలవని జాగా, చూరు నీళ్ళు పడి మట్టి చిందే చోటు, కుళాయి దగ్గర ఎప్పుడూ బురదగా ఉండే మూల, ఇలాంటివే రాళ్ళకి సరైన చోట్లు. చూరు కింద రాళ్ళు వేస్తే వాన ధార నేరుగా మట్టిని కొట్టదు, గోడ అడుగున ఆ ఎర్రటి మరకలు పడవు. అలంకారం మాట అలా ఉంచితే, ఈ ఒక్క ఉపయోగానికే రాళ్ళు వేయొచ్చు.

చెట్టు తర్వాత చూడాల్సింది నడక. మన కాళ్ళు ఎటు పోతాయో అటే దారి పడుతుంది, మనం గీసిన ప్లాన్ ప్రకారం కాదు. గుండ్రటి నున్నటి రాళ్ళు కాలి కింద దొర్లుతాయి, పెద్దవాళ్ళకి, చక్రాల కుర్చీకి, పిల్లల సైకిల్‌కి ఇబ్బంది. నడిచే దారికి నున్నటి రాళ్ళకన్నా కోణాలున్న కంకరే మేలు, ఆ అంచులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కదలకుండా ఉంటాయి. గులకరాళ్ళే కావాలని మనసు పడితే అడుగు పడే చోట పలకరాళ్ళు వేసుకుని, వాటి మధ్య ఖాళీల్లో గులకరాళ్ళు నింపండి. ఒక పలక మధ్య నుంచి ఇంకో పలక మధ్యకి అరవై సెంటీమీటర్లు ఉంటే మామూలు నడకకి సరిపోతుంది, ఇంట్లో పొట్టివాళ్ళో ముసలివాళ్ళో ఉంటే ఇంకా దగ్గరగా వేసుకోవాలి. కొలతలు నమ్మకుండా ముందు పలకల్ని ఊరికే నేల మీద పెట్టి అందరిచేతా నడిపించి చూడటం ఇంకా మంచిది.

ఇప్పుడు సైజు. భూగర్భ శాస్త్రంలో 1922 నుంచీ వాడుకలో ఉన్న వెంట్‌వర్త్ కొలమానం ప్రకారం నాలుగు మిల్లీమీటర్ల నుంచి అరవై నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉన్నవాటినే పెబుల్స్ అంటారు. అంటే శనగగింజకన్నా చిన్నదీ, పిడికిలికి దగ్గరగా వచ్చేదీ, రెండూ ఒకే పేరు కిందికి వస్తాయన్నమాట. కాబట్టి "పెబుల్స్ కావాలి" అని అడిగితే ఏం వస్తుందో చెప్పలేం, ఎన్ని మిల్లీమీటర్లో చెప్పి అడగండి. కుండీల పైన పరచడానికి ఐదు నుంచి పది, పాదుల్లో మొక్కల మధ్య పదిహేను నుంచి ముప్ఫై, గోడ వారకి ఇంకా పెద్దవి. ఇది నా లెక్క, శాస్త్రమేమీ కాదు. మరీ సన్నవి అయితే చెప్పులకి అంటుకుని ఇల్లంతా తిరుగుతాయి, పిల్లులకి అది మరుగుదొడ్డి కూడా అవుతుంది.

ఎంత కావాలన్నది అంచనా వేయడంలోనే చాలామంది తడబడతారు. పొడవు, వెడల్పు, లోతు మూడూ మీటర్లలో పెట్టి గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. ఒక ఘనపు మీటరు గులకరాళ్ళు సుమారు ఒకటిన్నర టన్ను తూగుతాయి, రాయిని బట్టి కొంచెం అటూ ఇటూ. మూడు మీటర్ల పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీలో ఐదు సెంటీమీటర్ల మందాన వేయాలంటే 3 × 0.6 × 0.05, అంటే 0.09 ఘనపు మీటర్లు, దగ్గర దగ్గర 135 కిలోలు. అంత చిన్న పట్టీకి అన్ని బస్తాలా అనిపిస్తుంది కానీ అంతే పడుతుంది. తక్కువ తెచ్చి పల్చగా చల్లితే మధ్యలో మట్టి కనిపిస్తూ, ఎవరో దారిలో ఒలకబోసుకున్నట్టుంటుంది. డబ్బు సరిపోకపోతే పల్చగా వేయడం కన్నా తక్కువ చోటు నిండుగా వేసుకోండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

ఈ బరువు లెక్క మేడ మీద తోటలున్నవాళ్ళు రెండుసార్లు చదవాలి. ఐదు సెంటీమీటర్ల మందాన రాళ్ళు పరిస్తే చదరపు మీటరుకి డెబ్భై ఐదు కిలోలు. అప్పటికే తడి మట్టితో నిండిన తొట్లు ఉంటాయి, వాటికి తోడు ఇది. స్లాబు ఎంత మోస్తుందో తెలిసిన ఇంజనీరుని అడక్కుండా మేడ మీద రాళ్ళు పరచడం నాకైతే భయం. పైగా నీళ్ళు పోయే తూముల దగ్గర రాళ్ళు, దుమ్ము చేరి అడ్డం పడితే నీళ్ళు నిలిచి ఇంట్లోకి చెమ్మ దిగుతుంది. అక్కడ కుండీల పైన మాత్రమే వేసుకుని సరిపెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

రంగు గురించి అడిగారు కదా. ఎంచుకునేటప్పుడు రాయిని పొడిగా ఒకసారి, నీళ్ళలో ముంచి ఒకసారి చూడండి. తడిసినప్పుడు ముదురు ఎరుపు, ఆకుపచ్చ, తేనెరంగుల్లో మెరిసిపోయే రాళ్ళు ఆరాక బూడిదరంగులోకి తిరిగిపోతాయి, తోటలో అవి ఎక్కువ కాలం ఆరిపోయే ఉంటాయి మరి. మెరిసే రాళ్ళని అమ్మేవాటిలో చాలావరకు యంత్రంలో పాలిష్ పట్టినవి, కొన్నిటికి పైన పూత కూడా ఉంటుంది, ఎండకీ వానకీ ఆ మెరుపు ఎంతో కాలం నిలవదు. తెల్లటి రాళ్ళు ఫోటోలో అద్భుతంగా ఉంటాయి. నీడ, చెమ్మ ఉన్న చోట వేస్తే పాకుడు పట్టి పచ్చబడతాయి, ఎండలో వేస్తే వెలుతురు కిందనుంచి పైకి కొట్టి కళ్ళు మూసుకోవాల్సి వస్తుంది, లేత ఆకుల మొక్కలకి కూడా ఆ వెలుగు, వేడి ఇబ్బందే. నల్లరాళ్ళు పగలంతా వేడి పీల్చుకుని చీకటి పడ్డాక కూడా వదులుతుంటాయి, బెడ్రూమ్ కిటికీ కింద అవి పెట్టేముందు ఆలోచించుకోండి. నాకు నచ్చేవి మాత్రం మట్టిరంగు, బూడిదరంగు కలిసిన మామూలు రాళ్ళు. దుమ్ము పడినా కనపడదు, ఆకుపచ్చ పక్కన అరవకుండా ఉంటాయి. మూడు నాలుగు రంగులు కలిపి వేస్తే చూపు మొక్క మీద నిలవదు, రాళ్ళ మీదే తిరుగుతుంటుంది.

రాయి జాతి కూడా చూసుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు. తెల్లగా కనిపించే వాటిలో స్ఫటిక రాయి ఉంటుంది, పాలరాయి ముక్కలూ ఉంటాయి. పాలరాయి, సున్నపురాయి రెండూ కాల్షియం కార్బొనేటే. వాటి మీద నీళ్ళు పడుతుంటే మెల్లగా కరిగి మట్టిలో క్షారం పెంచుతాయి. ఆమ్ల నేల కోరుకునే హైడ్రేంజియా, అజేలియా, గార్డెనియా లాంటి మొక్కలకి అలాంటి మట్టిలో ఇనుము అందదు, ఈనెలు పచ్చగానే ఉండి ఆకు మాత్రం పసుపు తిరుగుతుంది. అది చూసి ఎరువు తక్కువైందేమో అనుకుని ఇంకా ఇంకా వేస్తుంటాం. రాయి మీద రెండు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసా నురగ వస్తే సున్నం ఉన్న రాయి, ఆ మొక్కల దగ్గరికి తీసుకెళ్ళకండి. ఏమీ కాకపోతే నిశ్చింతగా వాడుకోవచ్చు. కొనే ముందు ఒక రాయి అడిగి తెచ్చుకుని ఇంట్లో చూసుకోవడం మేలు.

ఏటి ఒడ్డునుంచి తెచ్చుకుంటే సరిపోతుంది కదా అని కొందరు. ఒకటో రెండో గుర్తుగా తెచ్చుకోవడం వేరు, గోనెసంచులతో ఎత్తుకురావడం వేరు. ఆ రాళ్ళ కిందే నీటి పురుగులు బతుకుతాయి, చేపల్లో కొన్ని జాతులు గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెడతాయి. చాలాచోట్ల అనుమతి లేకుండా తీయడం చట్టప్రకారం నేరం కూడా. సముద్రపు ఒడ్డు రాళ్ళకైతే ఉప్పు ఉంటుంది, అది మొక్కలకి పడదు.

పరచడం దగ్గరికొస్తే, పనిలో ముప్పాతిక భాగం రాళ్ళు రాకముందే ఉంటుంది. కలుపు పైపైన కోయకుండా వేళ్ళతో సహా లాగేయాలి, గరికలాంటిది ఉంటే ఇంకా ఓపిగ్గా, ఒక కణుపు మిగిలినా మళ్ళీ వస్తుంది. తర్వాత రాళ్ళ మందం మేరకు మట్టి తీసేయాలి, లేకపోతే రాళ్ళు చుట్టూ ఉన్న నేలకన్నా ఎత్తై పక్కలకి దొర్లుతూనే ఉంటాయి. వాలు ఇంటి గోడ వైపు కాకుండా బయటికి ఉండాలి. అంచు కట్టడం తప్పనిసరి, ఇటుకలు నిలబెట్టి పాతినా, పలకరాళ్ళు పెట్టినా, రేకు పట్టీ దిగ్గొట్టినా సరే, ఏదో ఒక అడ్డం లేకపోతే ఆ రాళ్ళు గడ్డిలోకి పోయి గడ్డి కోసే మెషిన్ బ్లేడుకి తగిలి తూటాలా ఎగురుతాయి. రాళ్ళని పరిచే ముందు జల్లెడలో వేసి కడగండి, బస్తా అడుగున ఉండే పొడిని అలాగే పోస్తే గడ్డి గింజలకి మనమే మడి కట్టిపెట్టినట్టు.

షీటు వేయాలా వద్దా? ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, నీళ్ళు, గాలి దిగవు, కింద మట్టి చచ్చిపోతుంది. నీళ్ళు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ దొరుకుతుంది, నడక దారి కింద, మొక్కలు లేని పట్టీల కింద అది వేస్తే రాళ్ళు మట్టిలోకి కుంగిపోకుండా ఆపుతుంది. దాని అసలు పని అదే. మొక్కలున్న పాదులో నేను వేయను. వేళ్ళు ఆ గుడ్డలోకి అల్లుకుపోయి తర్వాత మొక్క మార్చాలంటే గుడ్డని కోసి పీకాల్సి వస్తుంది, వానపాములు పైకీ కిందికీ తిరగలేవు. మొక్కల మొదలుకి నాలుగు వేళ్ళ దూరం వదిలి రాళ్ళు వేయండి, కాండానికి ఆనించి కుప్ప పోస్తే చెమ్మ నిలిచి అక్కడ కుళ్ళు పడుతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి, రాళ్ళు చెమ్మ ఆరిపోకుండా కాపాడతాయి కానీ ఎండాకులూ గడ్డీ పరిచినప్పటిలా మట్టికి తిండి పెట్టవు. ఏటా పూలు, కాయలు ఆశించే పాదుల్లో రాళ్ళు వద్దు, బీద నేలలో బతికే ఎడారి మొక్కలకీ, రసం నిండిన ఆకుల మొక్కలకీ అవి చక్కగా కుదురుతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని వట్టి వాగు కట్టడం. అంటే నీళ్ళు లేని, రాళ్ళతోనే వాగులా కనిపించే పట్టీ. తోటలో వాన నీరు పారే దారి ఎలాగూ ఒకటుంటుంది, ఆ దారినే వాగు చేసేస్తే అందానికి అందం, మట్టి కోత పడకుండా పనికి పని. పెద్ద వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని బయటికెళ్ళి నీళ్ళు ఎటునుంచి ఎటు పోతున్నాయో చూసి అక్కడ పుల్లలు గుచ్చండి, ఏ డిజైన్ పుస్తకమూ ఇంత బాగా చెప్పదు. లోతుకి రెండింతల వెడల్పు ఉండేలా తవ్వితే గట్లు వాలుగా, చూడ్డానికి సహజంగా ఉంటాయి.

ఎక్కువమంది కట్టిన వాగు వాగులా ఎందుకు కనిపించదంటే, ఒకే సైజు రాళ్ళు తిన్నగా, రెండు పక్కలా వరసగా పేర్చేస్తారు. నీళ్ళ పద్ధతి అది కాదు. వంపు తిరిగే చోట బయటి ఒడ్డు వైపు నీరు వేగంగా పోతుంది, అక్కడ సన్నటివన్నీ కొట్టుకుపోయి పెద్ద రాళ్ళే మిగులుతాయి. లోపలి ఒడ్డు వైపు నీరు నెమ్మదిస్తుంది, ఇసుకా చిన్న రాళ్ళూ అక్కడ మేట వేస్తాయి. మనమూ అలాగే పెట్టాలి. వాగుల్లో బల్లపరుపు రాళ్ళు ఊరికే పడుకుని ఉండవు, పేర్చిన పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి, ఎగువ వైపుకి ఏటవాలుగా ఉంటాయి, అలా ఉంటేనే ప్రవాహానికి కదలవు. ఆ వాలు ఒక్కటి సరిగ్గా పెడితే చాలు, చూసేవాళ్ళకి కారణం తెలియకపోయినా ఏదో నిజంలా ఉందనిపిస్తుంది. పెద్ద రాళ్ళని నేల మీద పెట్టి వదిలేయకుండా మూడో వంతు పాతేయండి. ఒడ్డున రెండు మూడు గడ్డి దుబ్బులు రాళ్ళ మీదికి వాలేలా నాటితే అంచు గీత కరిగిపోతుంది. ఇక వద్దు, దాని మీద బొమ్మ వంతెన, కొంగ బొమ్మ, కప్ప బొమ్మ అన్నీ పెట్టేవాళ్ళుంటారు, వాళ్ళిష్టం.

రాళ్ళు తక్కువున్నా తోట గొప్పగా ఉండొచ్చని చెప్పడానికి జపాన్‌లో క్యోటో నగరంలోని ర్యోఆన్‌జీ ఆలయం చాలు. తెల్లటి కంకర పరిచిన ఒక దీర్ఘచతురస్రం, అందులో పదిహేను బండలు, చుట్టూ కాస్త నాచు, అంతే. వసారాలో కూర్చుని ఎక్కడినుంచి చూసినా పదిహేనూ ఒకేసారి కనపడవు, ఏదో ఒకటి ఇంకోదాని చాటున ఉంటుంది. ఇంటి తోటలో దాన్ని నకలు చేయమనడం లేదు, ఆ కంకర మీద గీతలు రోజూ గీయడానికి మనకి తీరికా ఉండదు. అన్నీ ఒక్క చూపుకే దొరక్కూడదన్న ఆ ఎత్తుగడ మాత్రం తీసుకోవచ్చు. వట్టి వాగుని ఒక పొద చాటుకి తిప్పి వదిలేయండి, అటువైపు ఏముందో అని నడిచి చూడాలనిపిస్తుంది.

ఓపిక ఉన్నవాళ్ళు రాళ్ళతో ముగ్గులాంటి నేల చేసుకోవచ్చు. ఇది చాలా పాత కళ. గ్రీసులో పెల్లా నగరంలో క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో వేసిన నేలలు ఇప్పటికీ ఉన్నాయి, చెక్కని సహజమైన గులకరాళ్ళతోనే లేడి వేట దృశ్యం మొత్తం వేశారు, కండరాల మీద నీడలతో సహా. ఆ వేట చిత్రం మీద గ్నోసిస్ అని చేసినవాడి సంతకం కూడా ఉంది. మనం అంత దూరం పోనక్కర్లేదు, మెట్టు ముందు ఒక చదరం చేస్తే చాలు. అడుగున కంకర వేసి దిమ్మిస కొట్టి, పైన మూడు పాళ్ళు ఇసుక, ఒక పాలు సిమెంటు పొడిగానే కలిపి పరచాలి. రాళ్ళని పడుకోబెట్టకూడదు, నిలువుగా, అంచు పైకి వచ్చేలా, ఒకదానికొకటి ఒరుసుకునేలా గుచ్చాలి, మూడింట రెండు వంతులు లోపలే ఉండాలి. పడుకోబెట్టిన రాయి నాలుగు రోజులకి ఊడొస్తుంది, నిలబెట్టినది పన్నులా పట్టుకుంటుంది. పైన చెక్క పెట్టి సమంగా తట్టి, సన్నటి జల్లుతో నీళ్ళు చిలకరించి, తడి గోనెపట్టా కప్పి వారం రోజులు ఎవర్నీ తొక్కనివ్వకండి. సిమెంటు చేతుల్ని తినేస్తుంది, గ్లవ్స్ వేసుకోండి.

కుండీల విషయంలో ఒక పాత అలవాటు ఉంది, అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు బాగా దిగిపోతాయని. ఇది వినడానికి నిజంలా ఉంటుంది కానీ జరిగేది తిరగబడి ఉంటుంది. సన్నటి రంధ్రాలున్న మట్టిలోంచి పెద్ద ఖాళీలున్న రాళ్ళ పొరలోకి నీరు అంత తేలిగ్గా దిగదు, మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా అక్కడే పట్టుకుని ఉంటుంది. ఫలితంగా ఎప్పుడూ నానుతూ ఉండే ఆ పొర కుండీ అడుగున కాకుండా రాళ్ళ ఎత్తు మేరకు పైకి, వేళ్ళకి దగ్గరగా వస్తుంది. రంధ్రం మీద మట్టి జారకుండా చిన్న జాలీ ముక్క పెడితే చాలు. రాళ్ళు పైన వేసుకోండి, ఒకటి రెండు సెంటీమీటర్లు. నీళ్ళు పోస్తే మట్టి చిందదు, పిల్లి తవ్వదు. కాకపోతే మట్టి ఆరిందో లేదో కంటికి కనపడదు కాబట్టి నీళ్ళు పోసే ముందు రాళ్ళు పక్కకి జరిపి వేలు గుచ్చి చూడాలి. చాలా ఇంటి మొక్కలు ఆ రాళ్ళ కింద మునిగి చచ్చిపోయేవే. ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే సన్న రాళ్ళు వాళ్ళకి అందే ఎత్తులో పెట్టకండి.

రంగులు వేసిన రాళ్ళ మీద నాకు పెద్ద మోజు లేదు. పిల్లలు సరదాగా వేసినవి, మొక్కల పేర్లు రాసి గుచ్చినవి ముచ్చటగానే ఉంటాయి, అక్రిలిక్ రంగు వేసి పైన వార్నిష్ కొడితే కొంత కాలం ఆగుతుంది. తోటంతా నీలం, గులాబీ రాళ్ళు పోస్తే మాత్రం పూలకి పోటీ పెట్టినట్టే.

రాళ్ళు మిగిలితే ఒక పని ఉంది. లోతు లేని పళ్ళెంలో వాటిని పేర్చి, తలలు మునగకుండా నీళ్ళు పోసి మొక్కల మధ్య పెట్టండి. తేనెటీగలు లోతు నీళ్ళలో మునిగిపోతాయి, రాయి మీద వాలి తాగడం వాటికి సులువు. నీళ్ళు రెండు రోజులకోసారి పారబోసి మార్చాలి, లేకపోతే దోమలకి మనమే ఇల్లు కట్టించినట్టవుతుంది. ఇంకా మిగిలితే ఒక సగం బస్తా అయినా దాచుకోండి. ఎంత బాగా పరిచినా కొన్ని కుంగుతాయి, కొన్ని పిల్లల జేబుల్లో పోతాయి, కొత్తగా తెచ్చిన లోడు రంగు పాతదానితో అస్సలు కలవదు.